గుళికల సంచి పోయాక: నేలలోని పురుగును పట్టే వేళ ఏది?

ఆగస్టు నెలలో వేరుశనగ చేలో అక్కడక్కడ మొక్కలు గుంపులుగా వాడిపోతాయి. వాన లేక వాడాయనుకుని ఒక మొక్కను పట్టి లాగితే ఏమాత్రం బిగువు లేకుండా చేతిలోకి వచ్చేస్తుంది. తల్లివేరు కొరికేసి ఉంటుంది, పిల్లవేర్లు కనపడవు. అక్కడే జానెడు లోతు తవ్వితే గోధుమరంగు తల, తెల్లటి ఒళ్లు ఉన్న లావుపాటి లద్దె అర్ధచంద్రాకారంలో ముడుచుకుని బయటపడుతుంది. రాయలసీమ ఎర్ర నేలల్లో వేరుపురుగు అనేది దీన్నే. మొక్క వాడేదాకా ఇది ఉన్న సంగతి తెలియదు. తెలిసేసరికి ఆ మొక్కకు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇన్ని దశాబ్దాలూ దీనికి జవాబు సంచిలోంచే వచ్చింది. మొదట బీహెచ్‌సీ పొడి, ఆల్డ్రిన్, హెప్టాక్లోర్ అనే పురుగుమందులు వాడారు. ఏళ్ల తరబడి నేలలో విరగకుండా ఉండిపోవడమే వాటి బలమని అప్పట్లో చెప్పేవారు. చివరికి వాటిని నిషేధించడానికీ ఆ గుణమే కారణమైంది. ఆల్డ్రిన్ 1996లో, బీహెచ్‌సీ 1997లో ఆగిపోయాయి. వాటి చోటులోకి ఫోరేట్, కార్బోఫ్యూరాన్ గుళికలు వచ్చాయి. కేంద్రం 2018లో ఇచ్చిన ఉత్తర్వుతో ఫోరేట్ వాడకం 2020 డిసెంబరు 31తో ముగిసింది. కార్బోఫ్యూరాన్ మీద కూడా తర్వాత ఆంక్షలు వచ్చాయి. మిగిలిన వాటిలో ముఖ్యమైన క్లోరిపైరిఫాస్‌ను 2025లో స్టాక్‌హోమ్ ఒప్పందం (ఏళ్ల తరబడి విరగని విష రసాయనాలపై అంతర్జాతీయ ఒప్పందం) కింద, కొన్ని మినహాయింపులతో, నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చారు. ఒక్కో మందూ పోయిన కొద్దీ రైతులు అడిగే ప్రశ్న మాత్రం మారలేదు: దాని బదులు ఏం వేయాలి?

సహజ పద్ధతుల ప్రచారంలో చాలా భాగం ఈ ప్రశ్నను ఉన్నదున్నట్టుగా తీసుకుని జవాబు చెబుతోంది. గుళికల బదులు వేపపిండి వేయండి, క్లోరిపైరిఫాస్ బదులు కషాయం పోయండి అంటోంది. నేలలోని పురుగుల విషయంలో అనేక వైఫల్యాలు ఇక్కడే మొదలవుతున్నాయి. విషపు గుళిక వేళను పెద్దగా పట్టించుకోదు. తేమ ఉంటే చాలు, కరిగి వేరు చుట్టూ చేరి అందిన ప్రతి ప్రాణినీ చంపుతుంది, వానపాములతో సహా. పురుగును చంపే బూజు, పురుగును చంపే నులిపురుగు (మట్టిలో ఉండే, కంటికి కనపడనంత సన్నటి పురుగు), బంతిమొక్క, నాగలి అలా పనిచేయవు. పురుగు జీవితంలో వాటికి చిక్కే దశ ఒకటుంటుంది, చిక్కే చోటు ఒకటుంటుంది. ఆ వేళా, ఆ చోటూ తెలియకుండా చేసే ఖర్చు మట్టిలో పోసినట్టే.

వేరుపురుగు ఏడాది

వేరుపురుగుకు ఏడాదికి ఒకటే తరం. దాన్ని ఎదుర్కొనేవారికి ఇంతకన్నా మంచి వార్త లేదు, ఎందుకంటే ఒక్క దశలో దెబ్బకొట్టగలిగితే ఆ ఏడాదంతా తేలికపడుతుంది. పెద్ద పురుగులు, అంటే గోధుమరంగు పెంకుపురుగులు, ఎండాకాలమంతా నేల లోతుల్లో కదలకుండా ఉంటాయి. మే, జూన్ నెలల్లో మొదటి గట్టి వాన పడి నేల తడవగానే సందెచీకటి వేళ పైకి లేస్తాయి. నేరుగా దగ్గర్లోని చెట్టు మీద వాలి జతకడతాయి, ఆకు మేస్తాయి. తెల్లవారకముందే దిగి మళ్లీ మట్టిలో దూరతాయి. కొన్ని రోజులకు ఆడపురుగులు నేలలో పైపొరలోనే గుడ్లు పెడతాయి. పుట్టిన పిల్ల లద్దెలు మొదట్లో మట్టిలోని సేంద్రియ పదార్థం, సన్నటి వేర్లు తిని బతుకుతాయి. రెండుసార్లు కుబుసం విడిచి మూడో దశకు వచ్చాక తల్లివేరు కొరుకుతాయి. పంట చివర్లో కిందికి దిగి కోశంగా మారి, పెంకుపురుగై, వచ్చే ఏటి తొలకరి దాకా అక్కడే ఉండిపోతాయి.

ఈ ఏడాది చక్రంలో పురుగు నేల విడిచి బయటికి వచ్చేది ఆ కొద్ది సాయంత్రాలే. మిగిలిన రోజులన్నీ మట్టి దాన్ని కాపాడుతుంది. రాజస్థాన్, గుజరాత్ వేరుశనగ ప్రాంతాల్లో జరిగిన సామూహిక నివారణ అంతా ఈ ఒక్క విషయం మీద నిలబడింది. వాన పడిన రోజు నుంచి మూడు నాలుగు సాయంత్రాలు ఊరివాళ్లంతా కలిసి వేప, రేగు, తుమ్మ చెట్ల కొమ్మలను పొడవాటి కొక్కెం కర్రలతో కుదిపి, కింద పరిచిన గుడ్డ మీద రాలిన పురుగులను ఏరి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేస్తారు. గుడ్లు పెట్టకముందు చచ్చిన ఆడపురుగు వల్ల రాకుండా పోయే లద్దెల సంఖ్య పదుల్లో ఉంటుంది. ఆగస్టులో చేను తవ్వి ఏరే ఒక్కో లద్దెతో పోలిస్తే ఈ సాయంత్రం పని ఎన్ని రెట్లు మేలో చెప్పనవసరం లేదు.

ఈ పురుగుల మీద దేశవ్యాప్త పరిశోధనను సమన్వయం చేసే కేంద్రం జైపూర్ దగ్గరి దుర్గాపురలో ఉంది. అక్కడ పనికి వచ్చిన మరో సాధనం అనిసోల్ అనే వాసన పదార్థం. ఉత్తరాది వేరుశనగను తినే జాతి పెంకుపురుగులు ఒకదాన్నొకటి పిలుచుకునే వాసన ఇదేనని 1990లలో తేలింది. దక్షిణాది వేరుశనగ నేలల్లో కనిపించే జాతి ఆడపురుగుల్లో కూడా ఇదే పదార్థాన్ని తర్వాత గుర్తించారు. అనిసోల్‌లో తడిపిన స్పాంజి ముక్కలను కొన్ని చెట్లకే కడితే చుట్టుపక్కల పురుగులన్నీ ఆ చెట్ల మీదికే చేరతాయి. ఊరంతా తిరిగి వందల చెట్లు కుదపాల్సిన పని అయిదారు చెట్లకు తగ్గుతుంది. ఇందులో పంట మీద గానీ నేలలో గానీ పడే విషం ఏదీ లేదు. దీపపు ఎరలు కూడా వాడతారు గానీ అన్ని జాతులూ వెలుగుకు ఒకే తీరుగా రావు. దీపం కింద నాలుగు పురుగులు పడ్డాయని నిశ్చింతగా ఉండిపోకూడదు.

వేప గురించి ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. పురుగు అనగానే వేప అనడం మనకు అలవాటైపోయింది. కానీ ఈ పెంకుపురుగులు ఇష్టంగా మేసే చెట్లలో వేప ముందు వరసలో ఉంటుంది. తొలకరి వానల తర్వాత పొలం గట్టు మీది వేపచెట్టు ఆకులు జల్లెడలా కనిపిస్తే ఆ పొలంలో గుడ్లు పడుతున్నాయని గుర్తు. వేపాకు కషాయం చల్లి ఈ పురుగును బెదరగొట్టవచ్చని చెప్పేవారు రాత్రి ఎనిమిదింటికి టార్చి వేసి ఒక వేపకొమ్మను చూస్తే చాలు. అలాగని గట్ల మీది వేపలు నరికేయమని అర్థం చేసుకోకూడదు. పురుగు తనంతట తాను వచ్చి చేరే ఆ చెట్టే దాన్ని పట్టుకోవడానికి మంచి ఎర. చెట్టు లేని బయలు పొలాల్లో సాయంత్రం వేపకొమ్మలు విరిచి చేలో అక్కడక్కడ పాతి, చేరిన పురుగులను ఏరడం కూడా ఉంది.

రెండో అదను పంట తీసినప్పుడు. వేసవి లోతు దుక్కి అన్ని పురుగులకూ మందని వ్యవసాయ శాఖ కరపత్రాలు ఏటా చెబుతాయి. కత్తెర పురుగుల కోశాలకు, వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులకు, కలుపు గింజలకు అది నిజమే. వేరుపురుగు మాత్రం నేల ఆరే కొద్దీ ఇంకా కిందికి దిగుతుంది, ఏప్రిల్ నాటికి నాగలి మొన అందని లోతులో ఉండవచ్చు. దానికి దుక్కి అదను కాయ పీకిన వెంటనే, నేలలో ఇంకా తేమ ఉన్నప్పుడే. అప్పుడు లద్దెలు, కోశాలు పైపొరకు దగ్గరగా ఉంటాయి. పగటిపూట దున్నితే కాకులు, కొంగలు, గోరువంకలు నాగలి వెంటే నడుస్తాయి. తెల్లవారుజామునో రాత్రి లైట్ల వెలుగులోనో ట్రాక్టరుతో దున్నేస్తే ఈ ఉచితపు కూలీలు రారు. గుళికలు వాడిన రోజుల్లో పక్షులు ఆ గుళికలనో, వాటితో చచ్చిన పురుగులనో తిని చనిపోయేవి. ఇప్పుడు వాటిని తిరిగి పనిలోకి పిలవవచ్చు.

పంట మార్పిడి ఈ పురుగు మీద అనుకున్నంత పనిచేయదు. వేరుశనగ తర్వాత సజ్జో జొన్నో వేస్తే ఆ పీచువేర్లను కూడా తింటుంది. నీటి వసతి ఉండి వరి పెట్టగలిగితే మాత్రం, నీరు నిలిచిన మడిలో లద్దె బతకదు. వర్షాధార అనంతపురంలో అది సాధ్యం కాదు కాబట్టి అక్కడ భారమంతా తొలకరి సాయంత్రాల మీదా, పంట తర్వాతి దుక్కి మీదా పడుతుంది.

కోనసీమలో గెలిచి, అనంతపురంలో తడబడే బూజు

ఒడెస్సాలో ఇల్యా మెచ్నికోవ్ 1879లో గోధుమను పాడుచేసే ఒక పెంకుపురుగు లద్దెల మీద పచ్చటి బూజును చూసి, దాన్ని పెంచి పురుగుల మీద ప్రయోగించవచ్చని ప్రతిపాదించాడు. ఆ బూజే మెటారైజియం. దీని బీజం లద్దె చర్మానికి అతుక్కుని, మొలకెత్తి, లోపలికి చొచ్చుకుపోతుంది. కొన్ని రోజుల్లో పురుగు చచ్చి గట్టిపడి, పైన ఆకుపచ్చ పొడి పూసినట్టు అవుతుంది. ఆ పొడి మళ్లీ వేలకు వేల బీజాలు. కాబట్టి పురుగులు ఉన్నంతకాలం బూజు తనంతట తానే పెరగగలదు. కాగితం మీద ఇంతకన్నా మంచి మందు ఉండదు.

తెలుగు నేల మీద ఇది నిజంగా నిలదొక్కుకున్న చోటు కోనసీమ. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగు పెంటకుప్పల్లో, కుళ్లిన కొబ్బరి దుంగల్లో గుడ్లు పెడుతుంది. ఆ కుప్పల్లో మెటారైజియం కలిపితే లద్దెలు అక్కడే చస్తాయి. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి రైతుల కోసం ఇలాంటి జీవ నియంత్రణ మీద ఎంతోకాలంగా పనిచేస్తోంది. ఇక్కడ బూజుకు అన్నీ కలిసొచ్చాయి. లద్దెలన్నీ ఒకే కుప్పలో పోగై ఉంటాయి, కుప్పలో ఎప్పుడూ తేమ ఉంటుంది, ఎండ తగలదు, గాలిలోనే తడి ఉంటుంది. గంపెడు ఎరువు కుప్పలో చల్లిన బీజం పురుగును వెతుక్కుంటూ వెళ్లాల్సిన పని లేదు.

అదే సీసానో ప్యాకెట్టో అనంతపురం తీసుకువెళ్లి ఎకరం ఎర్ర నేలలో జల్లితే లెక్క మారిపోతుంది. బీజం తనంతట తాను కదలదు, లద్దె దానికి తగిలితేనే అంటుకుంటుంది. చేలో లద్దెలు చదరపు మీటరుకు ఒకటో రెండో ఉన్నా నష్టం చేస్తాయి, కానీ బూజుకు మాత్రం ఆ ఒకటీ రెండూ దొరకడం కష్టం. పైన పడిన బీజాలను ఎండలోని అతినీలలోహిత కిరణాలు కొద్ది గంటల్లోనే చంపుతాయి. నేల పొడిగా ఉంటే మిగిలినవి మొలకెత్తవు. అందుకే చేలో మెటారైజియం వేసేవారు నాలుగు పనులు చేయాలి. పొడిని నేరుగా జల్లకుండా బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తడిపి, నీడలో వారం పది రోజులు గోనెసంచి కప్పి పెంచాలి. విత్తే ముందో విత్తేటప్పుడో చాళ్లలో, వేరు పెరగబోయే లోతులో పడేలా వేయాలి. వాన తర్వాత తేమలోనే వేయాలి. మాంకోజెబ్, కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రనాశకాలు పట్టించిన విత్తనంతో కలిసి పడకుండా చూడాలి, అవి ఈ బూజును కూడా చంపుతాయి. మొక్కలు వాడాక ఆగస్టులో నీళ్లలో కలిపి పోసే మెటారైజియం ఆ ఏటి పంటను కాపాడిందంటే నమ్మడం కష్టం. మూడో దశ లద్దెను చంపడానికి దానికి పట్టే కాలంలో వేరు ఎప్పుడో తెగిపోతుంది.

లద్దెను వెతుక్కుంటూ వెళ్లగలిగేవి పురుగులను చంపే నులిపురుగులు. వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులతో వీటికి పోలిక పేరులోనే. హెటరోరాబ్డైటిస్ ఇండికా అనే జాతిని కోయంబత్తూరు ప్రాంతపు నేలలోనే కనుగొని 1992లో పేరు పెట్టారు. మన వేడి నేలలకు అలవాటుపడిన జాతి అది. లద్దె ఒంట్లోకి దూరి, తన పేగులో మోసుకొచ్చే బ్యాక్టీరియాను వదులుతుంది. ఒకటి రెండు రోజుల్లో లద్దె చచ్చి ఇటుకరంగుకు మారుతుంది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దీన్ని నీటిలో కలిపే పొడిగా తయారుచేసింది. వక్క, చెరకు తోటల్లో వేరుపురుగు మీద దీన్ని ఎక్కువగా వాడుతున్నారు. ఆ రెండూ తడి తోటలు కావడం యాదృచ్ఛికం కాదు. మట్టి రేణువుల చుట్టూ నీటిపొర ఉంటేనే ఇవి ఈదగలవు. సాయంత్రం వేళ, తడి పెట్టిన తర్వాత, లద్దెలు చిన్నగా ఉన్నప్పుడు వేస్తే ఫలితం ఉంటుంది. ముదిరిన లద్దెకు కొంత స్వీయరక్షణ ఉంది, దాని ఊపిరి రంధ్రాలకు జల్లెడ లాంటి మూత ఉంటుంది. డ్రిప్ ఉన్న తోటలకు ఇవి సరిపోతాయి. వర్షాధార వేరుశనగకు వీటిని నమ్ముకోమని చెప్పలేం.

వేరుకు బుడిపెలు తెచ్చే నులిపురుగు

టమాటా, వంగ, బెండ, దోస, పసుపు పండించేవారికి అసలు తలనొప్పి ఇది. అర మిల్లీమీటరు కూడా లేని పిల్లపురుగు వేరుకొనలో దూరి ఒకచోట స్థిరపడితే ఆ చోట వేరు ఉబ్బి బుడిపె అవుతుంది. ఆడపురుగు ఒక్కటే జిగురు సంచిలో వందల గుడ్లు పెడుతుంది. వేడి నేలలో నెల రోజులకు ఒక తరం. టమాటా పంటకాలంలో మూడు నాలుగు తరాలు గడిచిపోతాయి. వేరుపురుగులా దీనికి ఏడాదికి ఒక్క సాయంత్రం ఉండదు, కాబట్టి ఇక్కడ పోరాటం పంటకు ముందే ముగియాలి.

బంతి గురించి అందరికీ తెలుసు. తెలిసినదాంట్లో సగం తప్పు. బంతివేరులో ఆల్ఫా-టెర్థియెనిల్ అనే పదార్థం ఉంటుంది, నులిపురుగు ఆ వేరులోకి చొరబడగానే అది విషంగా మారి పనిచేస్తుంది. అంటే పని జరిగేది బతికున్న బంతివేరు లోపల, దానికి ఆనుకుని ఉన్న మట్టిలో. టమాటా మడి చుట్టూ గట్టున ఒక వరస బంతి నాటితే శనగపచ్చ పురుగు తల్లి రెక్కలపురుగులను ఆకర్షించడానికి పనికొస్తుంది, నులిపురుగు మీద మాత్రం దాని ప్రభావం పెద్దగా ఉండదు. బంతాకు నూరి నీళ్లలో కలిపి పోయడం కూడా అంతే. నులిపురుగు మీద ఫలితం కావాలంటే చేనంతా బంతిని దగ్గర దగ్గరగా, కనీసం రెండు నెలలు, కలుపు లేకుండా పెంచి, ఆ తర్వాత టమాటా నాటాలి. బంతి మధ్యలో నులిపురుగుకు ఇష్టమైన కలుపు మొక్కలు పెరిగితే చేసిన పనంతా వృథా. ఇది అసాధ్యమైన త్యాగమేమీ కాదు. బతుకమ్మ, దసరా, దీపావళికి కోతకొచ్చేలా బంతి వేసి, తర్వాత ఆ నేలలోనే టమాటా వేసుకునే రైతుకు పూలు ఒక పంట, నేల శుద్ధి అదనం. మదనపల్లె చుట్టుపక్కల లాంటి ఏడాది పొడవునా టమాటా మీద టమాటా వేసే చోట్ల ఈ విరామం ఎంత అవసరమో వేర్లు పీకి చూస్తేనే తెలుస్తుంది.

పచ్చిరొట్టలో కూడా తేడాలున్నాయి. జనుము వేర్లలో నులిపురుగు పెరగలేదు, దున్నేస్తే నేలకు నత్రజని. అలసంద, పెసర అలా కాదు, వేరు బుడిపెల నులిపురుగుకు అవి మంచి భోజనం. విత్తడానికి ముందు నవధాన్యాలు చల్లి పెంచడం ప్రకృతి వ్యవసాయంలో మంచి పద్ధతి, నేలకు కప్పు, జీవం ఇస్తుంది. అయితే బుడిపెలు కనిపించిన చేలో ఆ మిశ్రమంలోని పప్పుజాతుల వాటా తగ్గించి జనుము, నువ్వు పెంచడం మంచిది. అన్ని చేలకూ ఒకే మిశ్రమం చెప్పడంలో ఈ తేడా జారిపోతోంది.

నారుమడులకు ఎండ ఉంది. నేలను తడిపి పైన పలుచటి పారదర్శక పాలిథీన్ షీటు పరచి అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచే పద్ధతిని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. దీనికి తెలంగాణ ఏప్రిల్, మే ఎండలకన్నా అనువైనది ఏముంటుంది! పైన కొద్ది అంగుళాల మట్టి నులిపురుగు గుడ్లు, శిలీంధ్ర బీజాలు, కలుపు గింజలు తట్టుకోలేనంత వేడెక్కుతుంది. షీటు నల్లగా ఉండకూడదు, నేల పొడిగా ఉండకూడదు. ఈ రెండు తప్పులే ఎక్కువగా జరుగుతాయి. ఎకరాలకు ఎకరాలు పరచడం ఖర్చుతో కూడిన పని గానీ నారుమడికి, పాలీహౌస్‌కు సరిగ్గా సరిపోతుంది. బుడిపెలు పట్టిన నారు కొని తెచ్చి నాటితే ఆ తర్వాత ఏ పద్ధతీ ఆదుకోదు కాబట్టి నారుమడి దగ్గర పెట్టిన ఖర్చు ఎప్పుడూ తిరిగొస్తుంది.

నులిపురుగును తట్టుకునే టమాటా రకాలున్నాయని విత్తన కంపెనీలు చెబుతాయి. వాటిలోని జన్యువు నేల వేడి 28 డిగ్రీలు దాటితే సరిగ్గా పనిచేయదు. మన వేసవి పంటలో ఆ గీత దాటని రోజులు తక్కువ. అడవి వంగ, అంటే ఉస్తికాయ మొక్క వేరుమూలం మీద వంగ అంటు కట్టిన నారు ఇంతకన్నా నమ్మదగినది.

వేపపిండికి అసలైన చోటు ఇదే. ఎకరాకు 200 నుంచి 250 కిలోల వేపపిండి నాటడానికి రెండు మూడు వారాల ముందు వేసి కలియదున్నితే, అది కుళ్లేటప్పుడు విడుదలయ్యే పదార్థాలు నులిపురుగులను అణచివేస్తాయి, వాటిని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి, మొక్కకు నత్రజని కూడా అందుతుంది. ట్రైకోడెర్మా, నులిపురుగు గుడ్ల మీద పెరిగే పర్ప్యూరియోసిలియం లాంటి శిలీంధ్రాలను ఆ పిండి కలిపిన ఎరువులో పెంచి వేస్తే రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. రెండు కిలోల ట్రైకోడెర్మాకు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి అనే లెక్క మన రైతులకు కొత్త కాదు. వేపపిండి పేరుతో ఇసుక, ఇతర పొట్టు కలిపి అమ్మడం మామూలైపోయింది కాబట్టి నూనె గానుగ దగ్గరే కొనగలిగినవారు అదృష్టవంతులు.

చెదలు

చెదల మీద మెటారైజియం ప్రయోగశాలలో అద్భుతంగా పనిచేస్తుంది, చేలో చాలాసార్లు చేతులెత్తేస్తుంది. కారణం చెదల సమాజం. అవి ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకుంటాయి, బూజు అంటిన చోటును వదిలేస్తాయి, చచ్చినవాటిని మట్టితో పూడుస్తాయి. గాజు పాత్రలో పది చెదలను పెట్టి చేసిన ప్రయోగం లక్షల చెదలున్న గూడుకు వర్తించదు.

వేరుశనగలో చెదల నష్టం ఎక్కువగా పంట చివర్లో, బెట్ట పట్టినప్పుడు వస్తుంది. కాయ పైపొట్టును గీకి తినేస్తాయి. ఆ గీతల్లోంచి ఆస్పర్‌జిల్లస్ బూజు లోపలికి చేరి అఫ్లాటాక్సిన్ విషం తయారవుతుంది. కాయ పక్వానికి వచ్చిన వెంటనే పీకి, చేలో కుప్పలు పెట్టి రోజుల తరబడి వదలకుండా ఆరబెట్టడమే దీనికి తగిన నివారణ. పచ్చి పేడ, చివకని చెత్త విత్తే ముందు వేస్తే చెదలను పిలిచినట్టే. చివికిన ఎరువు వేరు. అలాగని పుట్టలన్నీ తవ్వేయడం కూడా తెలివైన పని కాదు. గట్టిపడిన ఎర్ర నేలలో వాననీరు ఇంకే దారులు చాలావరకు చెదలు తవ్వినవే, అవి తినేది ఎక్కువగా ఎండిన చెత్తనే.

పెంటకుప్పలో కనిపించే లావుపాటి తెల్లటి లద్దెలను చూసి ఎరువు ద్వారా వేరుపురుగు చేలోకి వస్తోందని భయపడేవారున్నారు. కుప్పలో పెరిగేవి చాలావరకు కొమ్ముపురుగు, దాని బంధువుల లద్దెలు. అవి కుళ్లిన పదార్థమే తింటాయి, పంట వేర్ల జోలికి రావు. కొబ్బరి తోటల దగ్గర వాటిని చంపాలి. అనంతపురం మెట్ట చేలలో వాటి భయంతో ఎరువు మానుకోనక్కరలేదు.

కషాయాల సంగతి, సంచి సంగతి

నీమాస్త్రం, అగ్నిఅస్త్రం లాంటి కషాయాలు ఆకు మీది రసం పీల్చే పురుగులకు, చిన్న లద్దెలకు ఉద్దేశించినవి. నేలలో పోస్తే పైపొర మట్టే వాటిని పీల్చేసుకుంటుంది. ఆవు పేడ, మూత్రంతో చేసే బీజామృతం, ఘన జీవామృతం నేలలోని జీవాన్ని పెంచుతాయి, మొలకను నిలబెడతాయి. వేరుపురుగును చంపుతాయని మాత్రం వాటి మీద భారం మోపకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం లక్షల మంది రైతులకు చేరింది. అంత పెద్ద కార్యక్రమం నేల పురుగుల విషయంలో కషాయాల పట్టికకన్నా తేదీల పట్టికను ముందు పెడితే ఎంతో మేలు. అలాంటి పని మన ఊళ్లకు కొత్త కూడా కాదు. పురుగుమందులు లేని సేద్యం మొదటి రోజుల్లో ఆముదం చేలలో ఎర్ర బొంతపురుగు మీద గెలిచింది ఇదే తీరులో. తొలకరి వానల తర్వాత నేలలోని కోశాల నుంచి రెక్కలపురుగులు లేచే రాత్రులు తెలుసుకుని, ఊరంతా ఒకేసారి పొలాల్లో మంటలు వేశారు. ఒక్కడు తన పొలంలో వేసిన మంట పక్కవాడి పొలం పురుగును ఆపదు. పెంకుపురుగుకూ అదే వర్తిస్తుంది.

జీవ ఉత్పత్తుల నాణ్యత దగ్గర మాత్రం ప్రభుత్వం కఠినంగా ఉండి తీరాలి. మెటారైజియం గానీ ట్రైకోడెర్మా గానీ ప్రాణమున్న సరుకు. మే నెలలో రేకుల షెడ్డులో యూరియా బస్తాల పక్కన రెండు నెలలు ఉన్న ప్యాకెట్లో బతికున్న బీజాలు ఎన్ని ఉంటాయో ఎవరూ పరీక్షించరు. ఇంకా దారుణం, బయో పేరుతో అమ్మే కొన్ని సీసాల్లో రసాయన మందు కలిపి ఉండటం. దాంతో ఫలితం గొప్పగా ఉందనుకున్న రైతు తెలియకుండానే విషం చల్లుతున్నాడు, నిజాయితీగా తయారైన బూజు నెమ్మదిగా పనిచేస్తే అది పనికిరాదని పక్కన పెడుతున్నాడు. తయారీ తేదీ, బీజాల సంఖ్య చూసి, వీలైతే విశ్వవిద్యాలయ ప్రయోగశాల నుంచో ప్రభుత్వ జీవ నియంత్రణ కేంద్రం నుంచో నేరుగా తెచ్చుకుని, వారం పది రోజుల్లో వాడేయడం ఒక్కటే ప్రస్తుతానికి భద్రమైన దారి.

చేను వాడిపోయిన ఆగస్టులో ఈ పద్ధతుల్లో ఏదీ ఆ ఏటి పంటను వెనక్కి తేలేదు. ఈ నిజాన్ని దాచి సహజ పద్ధతులను ప్రచారం చేయడం వాటికే చేటు. వరస ఏళ్లుగా తీవ్ర నష్టం ఉన్న చేలో మొదటి ఒకటి రెండేళ్లు విత్తనానికి పట్టించే మందు వాడి, చెట్లు కుదిపే పనిని పక్కపక్కనే మొదలుపెట్టే రైతును తప్పుపట్టలేం. విత్తనానికి పట్టే మందు ఎకరాకు కిలోల కొద్దీ చల్లిన గుళికలతో పోలిస్తే పరిమాణంలో చాలా తక్కువ, అయినా అదీ నేలలో చేరే విషమే కాబట్టి ఎంత త్వరగా మానగలిగితే అంత మంచిది. చేను వాడిపోయిన చోట మాత్రం ఒక పని ఆ ఏడే చేయవచ్చు. మొక్కలు వాడిన గుంపులకు మేకులు పాతి గుర్తు పెట్టుకోవాలి, వాటికి దగ్గరలోని వేప, రేగు, తుమ్మ చెట్లను లెక్కపెట్టుకోవాలి. కాయ పీకగానే మొదటి దుక్కి ఆ గుంపుల మీదుగా సాగాలి. వచ్చే తొలకరిలో మొదటి వాన పడిన సాయంత్రం ఏడింటికల్లా కొక్కెం కర్రలతో జనం చేరాల్సింది ఆ చెట్ల కిందికే.